గుట్టపారా నీళ్లు చెడ్డవేనని రాసివ్వండి

తాగునీటి శాఖ ఇంజనీరు గారి సముఖమునకు, మద్దేడ్ బజారులో కిరాణా దుకాణము నడుపుకొను కొత్తమాసు శ్రీరంగం వ్రాసుకొను అర్జీ.

విషయం: గుట్టపారా అనే గూడెంలోని చేతిపంపు నీరు తాగుటకు పనికిరాదని శాఖ వారు మరల ప్రకటించుట గురించి.

అయ్యా,

తమరు భద్రాచలం వైపు వారని, తెలుగు చదువుతారని విని ఈసారి తెలుగులో వ్రాయుచున్నాను. ఇంతకు ముందు హిందీలో రెండు ఆవేదన్లు, అనగా అర్జీలు, ఇచ్చియున్నాను. రెండింటికీ "మీ పారా నీరు శుద్ధము, అభినందనలు" అని జవాబు వచ్చినది. శుద్ధము కాదు మహాప్రభో అని చెప్పుటకే ఈ మూడవది.

1. గుట్టపారాలో ముప్పై రెండు ఇండ్లు, ఒకటే చేతిపంపు. ఆ నీటిలో ఫ్లోరైడు మితిమీరి ఉన్నదని శాఖ వారే తేల్చి, పంపుకు ఎర్ర రంగు పూసి, చెడ్డ పంపుల జాబితాలో చేర్చిరి. జాబితాలోని పారాలకు నది నుండి పైపు నీరు వచ్చునని చెప్పిరి. గొట్టాలు కూడా ట్రాక్టరులో వచ్చి దిగినవి. ఆడవాళ్లు వాటికి పసుపు రాసి బొట్లు పెట్టిరి.

2. పైపు వచ్చేలోగా ఏదైనా చేద్దామని మా అమ్మాయి అనుపమ పట్టుబట్టినది. జగదల్‌పూర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినది. కరెంటు కార్ఖానాలో బొగ్గు కాలగా మిగిలిన బూడిదను కాస్టిక్ సోడాతో ఉడికిస్తే జియోలైట్ అనే పదార్థం అవుతుందట. దాని నిండా కంటికి కనిపించని గదులు ఉంటాయట. పటిక నీళ్లలో నానబెడితే అది ఫ్లోరైడును పట్టి ఉంచుతుందట. "నాన్నా, కాస్టిక్, పటిక మన దుకాణంలోనే ఉన్నయ్. లేనిది బూడిదొక్కటే" అన్నది. గోదావరి అవతలి నుంచి వచ్చే ఇటుకల లారీలో రెండు బస్తాల బూడిద తెప్పించాను. పెరట్లో పెద్ద డ్రమ్ము పెట్టి పగలంతా ఉడికించాము, కాస్టిక్ జారుడు పోయేదాకా కడిగాము, పటికలో నానబెట్టి, బంకమట్టితో గోలీలు చేసి కాల్చాము. వడియాలు ఎండబెట్టుకునే మంచం మీద ఈ నల్ల గోలీలు చూసి నా భార్య మహాలక్ష్మి ఆ మంచాన్ని నాతో రెండుసార్లు కడిగించినది.

3. ఆ గోలీలు నింపిన డ్రమ్మును గుట్టపారాలో భీమే అనే పెద్దావిడ ఇంటి ముందు పెట్టాము. మూడు వందల బిందెలు పోశాక గోలీలు మార్చాలి, లేకుంటే అవి పనిచేయవు. భీమేకు అంకెలు రావు. మూడు వందల చింతగింజలు లెక్కపెట్టి ఇచ్చాను. బిందెకొక గింజ డబ్బాలో వేస్తుంది. ఆమె మోకాళ్లు ఈ నీటితోనే వంగిపోయినవి. మనవరాలు సోమికి ఇంకా ఏడాది నిండలేదు, ఇప్పుడిప్పుడే నీళ్లు తాగుతున్నది. ఈ నాలుగైదేండ్లు చెడ్డ నీరు తాగితే పళ్లు, ఎముకలు జన్మంతా పాడేనని అనుపమ చెప్పినది. ఇరుగుపొరుగు వాళ్లు కూడా ఆ డ్రమ్ము నీళ్లే తాగినా, భీమే మాత్రం ఆ పిల్ల కోసమే గింజలు వేస్తున్నది.

4. ఇక నా తప్పు. దీనిని దాచను. నేను గుట్టపారాలో ఉండగా నీటి పరీక్షకు రామ్‌ప్రసాద్ అనే శాఖ ఉద్యోగి సీసా పట్టుకొని వచ్చి, "పంపు కా పానీ భర్ దో, సేఠ్" అని పంపు నీరు నింపి ఇమ్మన్నాడు. మూడు తరాల నుండి మాది వ్యాపార కుటుంబం. నమూనా అడిగితే బస్తాలో మంచి గింజలు తీసి చూపుట మాకు చేతులకు పట్టిన అలవాటు. పంపు నీటి సంగతి అందరికీ తెలిసిందే కదా, మా గోలీల గొప్ప తెలియాలి కదా అని డ్రమ్ము నీళ్లు నింపి ఇచ్చాను. సీసా మీద 'గుట్టపారా' అని నేనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. 'వడపోసినవి' అని రాయలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది అయ్యా.

5. నీరు అద్భుతముగా ఉన్నదని రిపోర్టు వచ్చినది. మా ఇంట్లో మిఠాయి పంచాము. పది రోజులకు పారా పేరు జాబితా నుండి కొట్టివేసిరి. మంచి నీటి గుర్తుగా పంపుకు నీలం రంగు పూసిరి. పసుపు బొట్లతో సహా గొట్టాలను అదే ట్రాక్టరులో తీసుకుపోయిరి.

6. పోనీ గోలీలైనా మళ్లీ చేద్దామంటే, బూడిద ఇక నమోదైన ఇటుకల బట్టీలకే, అదీ నిండు లారీ లెక్కన ఇస్తారట. కార్ఖానా దగ్గర గుట్టలుగా పడి ఊళ్ల మీదికి ఎగురుతున్నదానిలో రెండు బస్తాలు మాకు పుట్టడం లేదు. ఇంతకు ముందు మార్చి తీసిన గోలీలు మాత్రం విషమంతా పట్టుకొని మా పెరట్లో పడి ఉన్నవి. వాటిని ఎక్కడ పారవేయాలో తమరే సెలవియ్యాలి.

7. పంపును మళ్లీ పరీక్షించమని దఫ్తరులో కాళ్లావేళ్లా పడ్డాను. జాబితాలో ఉన్న పంపులకే పరీక్షట. జాబితాలోకి రావాలంటే చెడ్డదని రిపోర్టు ఉండాలట. రిపోర్టుకు పరీక్ష కావాలి. నాకు ఏడుపు వచ్చినది.

8. పోయిన మంగళవారం భీమే ఖాళీ చేతులు చూపి "అన్నా, గింజలైపోయినయ్. ఇప్పుడేంది?" అన్నది. మార్చుటకు కొత్త గోలీలు లేక, నేను ఇంకో గుప్పెడు గింజలు మాత్రం ఇచ్చి వచ్చాను. ఆ గింజలు వేసుకుంటూ ఆమె సోమికి ఆ పనిచేయని డ్రమ్ము నీళ్లే తాపుతున్నది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కావున నన్ను శిక్షించినా సరే, ఆ పంపుకు ఎర్ర రంగు తిరిగి ఇప్పించవలెనని ప్రార్థన. తీరిక చూసుకొని ఈ మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొత్తమాసు శ్రీరంగం, మద్దేడ్

తా.క.: ఒక సీసా జత చేశాను. ఇది సాక్షాత్తు పంపు నీరే. నా దుకాణదారీలో చెడ్డ సరుకును నమూనాగా పంపుట ఇదే మొదలు. తమ ఆఫీసులో ఎవరైనా దాహానికి తాగుతారేమోనని సీసా మీద పెద్ద అక్షరాలతో 'తాగవద్దు' అని రాశాను. పంపు దగ్గర రాస్తుంటే భీమే ఏమిటని అడిగింది. చదివి చెప్పాను.

"మరి మా పంపు మీద గట్ల రాయరేంది?" అన్నది. పిల్ల చంకలో ఉన్నది. ఆ ప్రశ్నను కూడా సీసాతో పాటు తమకే పంపుతున్నాను సార్.