బీడీ అయ్యేదాకా ఆగిన బండి

బాపూ,

ఎట్లున్నావు అని రాసి కొట్టేశాను. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్ళూ రాయనిదాన్ని ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో ఎవరి ముఖమూ చూడబుద్ధి కావడం లేదు. అన్న ముఖం అసలే చూడలేను...

ముందు బండి సంగతి చెబుతాను. నువ్వు అడిగేది అదే కదా.

మన పికప్ రోజూ తిరుగుతూనే ఉంది. పొద్దున్నే లక్సెట్టిపేట చుట్టుపక్కల ఊళ్ళలో పాల క్యాన్లు ఎక్కించుకుని శ్రీరాంపూర్ కాలనీకి పోతుంది. నువ్వున్నప్పుడు ఇరవై క్యాన్లు. ఈ మధ్య ఇంకో రెండు ఊళ్ళ వాళ్ళు కలిశారు, ముప్పై అయ్యాయి. బరువు పెరిగేసరికి చిన్న ఎత్తు వచ్చినా బండి మూలుగుతోంది. కాలనీకి చేరేసరికి ఆలస్యం. అక్కడి పాల దుకాణాల వాళ్ళు అన్నతో ముఖం మీదే అన్నారట, "రాజేశం, మీ బాపు ఉన్నప్పుడు పాలు జూసి గడియారం దిద్దుకునేటోళ్ళం. ఇప్పుడు గడియారం జూసి పాలకు ఏడుస్తున్నం. గిట్లయితే వేరే బండి మాట్లాడుకుంటం" అని.

నువ్వు పాత లారీది తెచ్చి మెకానిక్ యాకూబ్ చిచ్చాతో పెట్టించిన టర్బో ఉంది కదా... పొగ తోపుకు తిరుగుతూ ఇంజనులోకి గాలి నెట్టేది. దాని గాలి బలం పెంచితే బండి లాగుతుందని అన్న పట్టుబట్టాడు. నాకు భయం. ఎక్కువ గాలి, ఎక్కువ డీజిల్, ఎక్కువ వేడి. ఒకరోజు ఉరికి మరునాడు పడుకునే బండితో మనమేం చేస్తాం? పాలు ఆగుతాయా?

అప్పుడు అన్న అన్నాడు, "డిగ్రీ సదువుతున్నవు గదనే. బండి ఖరాబ్ కాకుండ ఎట్ల పెంచాలెనో నువ్వే చెప్పు."

బాపూ, నా చదువును మనింట్లో ఒక పనికోసం అడగడం అదే మొదటిసారి. ఎంత పొంగిపోయానో! కరీంనగర్ కాలేజీ లైబ్రరీలో నాలుగు రోజులు కూర్చున్నాను. గాలి కొంచెమే పెంచాలి. ఎంత పెరిగిందో చూపే ముల్లు ఒకటి పెట్టాలి. ఫిల్టరు వారం వారం దులపాలి. ఇంజనాయిలు తొందరగా మార్చాలి. బండి ఆగిన వెంటనే ఇంజను బంద్ చేయాలి, డీజిల్ దండగ కావద్దు. అన్నీ గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసి స్టీరింగ్ ముందర అంటించాను.

చిచ్చా నవ్వాడు. "మీ బాపు చెవివెట్టి ఇనేటోడు. నువ్వు ముల్లు జూస్తనంటవా బిడ్డా?" అన్నాడు. అయినా చెప్పినట్టే చేసి ఇచ్చాడు.

ఇరవై రోజులు బండి ఎంత బాగా పోయిందో! అన్న కాగితంలో ఒక్క అక్షరం తప్పలేదు. నేనేమో హాస్టల్లో గొప్పలు చెప్పుకున్నాను.

తర్వాత ఒక పొద్దున, శ్రీరాంపూర్ ఇంకా రెండు మైళ్ళుందనగా, టర్బో కీచుమని అరిచి బిగుసుకుపోయింది. వెనక తెల్లటి పొగ. ఎండెక్కేదాకా ఇంకో బండి దొరకలేదు. ముప్పై క్యాన్ల పాలూ విరిగిపోయాయి.

కబురు విని బస్సెక్కి వచ్చాను. వచ్చీ రాగానే అన్నను ఎన్ని మాటలన్నానో... దొంగతనంగా గాలి ఇంకా పెంచావన్నాను. నాలుగో తరగతిలోనే చదువు మానేసినవాడికి పుస్తకం మాట ఎట్లా ఎక్కుతుంది అన్నాను. అవును బాపూ, ఆ మాట కూడా అన్నాను. "ఒట్టు, గాలి స్క్రూ ముట్టలే చెల్లే" అని ఒక్కటే అన్నాడు. నమ్మలేదు. అవ్వ బీడీలు చుడుతూ తల ఎత్తలేదు.

మరునాడు చిచ్చా మా ఇద్దరి ముందే టర్బో విప్పాడు. లోపలి ఇరుసు చుట్టూ నల్లటి మసి, గోకితే రాలని బొగ్గు. "గాలి పెంచినందుకు గాదు. ముల్లు సక్కగనే ఉన్నది" అన్నాడు. "ఉరికొచ్చిన బండిని టక్కున బంద్ జేసిండ్రు. లోపల టర్బో మండుతుంటది, నూనె ఆడనే ఆగి మాడిపోతది. మీ బాపు బీడీ అయ్యేదాకా బంద్ జేసేటోడా ఎన్నడన్న?"

అన్న స్టీరింగ్ ముందర కాగితం వైపు చూసి తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆగిన వెంటనే బంద్ చేయాలన్న ఆ ఐదో మాట ఏ పుస్తకంలోదీ కాదు. నా సొంతం. నీ మీద కోపంతో రాసింది. చిన్నప్పుడు నువ్వు బండి ఆపి, ఇంజను అట్లాగే ఉంచి బీడీ తాగుతుంటే, పక్కన కూర్చుని పందొమ్మిదో ఎక్కం చెప్పేదాన్ని గుర్తుందా? నీకు దగ్గు మొదలయ్యాక ఆ బీడీ అంటే నాకు మంట. డీజిల్ దండగ, పానం దండగ అని అరిచేదాన్ని. నువ్వేమో, "ఉరికొచ్చినోన్ని వచ్చీ రాంగనే పండవెడ్తరా బిడ్డా? జర నిలవడనియ్యి" అనేవాడివి. బీడీ కోసం సాకు అనుకున్నాను.

ఆ ఆగడం ఇంజను కోసమా, బీడీ కోసమా? నీకైనా తెలుసా? తెలిస్తే ఇంకొంచెం విప్పి ఎందుకు చెప్పలేదు? నువ్వు చెప్పినా... నేను వినేదాన్నా?

బీడీ నిన్ను తీసుకుపోయింది. బీడీతో పాటు ఆ ఆగడాన్ని కూడా నేను తీసేశాను.

నిన్న బండి బాగైంది. దుకాణాల వాళ్ళు ఒక నెల చూస్తామన్నారు, అంతే. గాలి మేం పెంచినంతే ఉంచాం. ఆ కాగితం చింపేశాను. అన్న బీడీ ముట్టనని అవ్వకు మాటిచ్చాడు. మరి ఎంతసేపు ఆగాలో ఎట్లా తెలియాలి? పాత కాగితం ఉన్న చోటే పందొమ్మిదో ఎక్కం రాసి అంటించాను. ఆపినప్పుడల్లా పైకి చదవాలని చెప్పాను.

ఈ పొద్దున చదివాడు. వేలు పెట్టుకుని, ఒక్కొక్క అంకె కూడబలుక్కుంటూ... పందొమ్మిది ఏడ్ల దగ్గర ఆగి, నా వైపు చూడకుండానే అన్నాడు, "నువ్వు సదివితే చిటికెల అయిపోతది. నేను సదివితేనే బీడీ అంత వడ్తది."

నన్ను మాట్లాడించాడు బాపూ. క్షమించమని నేను ఇంకా అడగలేదు. సోమవారం బస్సెక్కేలోపు అడుగుతాను. నీ మీద ఒట్టు.

నీ బిడ్డ,
సుజాత