మేనేజరుకి ఇవ్వని తాళాలు

మంగళవారం, రాత్రి
అమలాపురం

కోపం ఇంకా దిగలేదు. గురువారం మళ్ళీ మస్కట్ వెళ్ళేలోగా ఇల్లు అప్పజెప్పాలని గోడలకి రంగు వేయించాను, నూతి చప్టా మీద నాచు స్వయంగా గీకాను. అద్దె ఇళ్ళు చూసిపెట్టే మేనేజరు సాయంత్రం వచ్చాడు. గదులన్నీ తిరిగి, ఇల్లు చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు. అతనికిద్దామని సంతోషంగా బ్యాగులోంచి తాళాలు తీశాను.

అప్పుడు గొంతు తగ్గించాడు. "మేడంగారూ, మీరేం బెంగెట్టుకోకండి. కాలవ అవతల పేటవాళ్ళు అడుగుతారండి. ఆల్రెడీ ఇచ్చేసేమని పంపేస్తానండి. వాళ్ళకిస్తే ఇల్లు పాడైపోద్దండి."

నేను పుట్టింది ఆ పేటలోనే. నర్సు ఉద్యోగంతో కట్టుకున్న ఇల్లిది. నా పేరు లక్ష్మి అని చూసి ఇంకేదో కులం అనుకున్నాడు.

"నేనూ ఆ పేట ఆడపిల్లనేనండి," అన్నాను.

వెంటనే సర్దుకోబోయాడు. "అబ్బే, మిమ్మల్ని కాదండి. మీరు వేరండి."

ఆ మాటకే ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ వేరు కాదా? మా తమ్ముడు? తాళాలు బ్యాగులో వేసుకుని, ఇక వెళ్ళమన్నాను.

ఫోన్లో చెబితే మా ఆయన, "తొందరపడ్డావేమో, ఇప్పుడు ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. నిజమే, ఉన్నది రేపొక్కరోజే. కానీ మా పేటలో ఉండే టీచరు సుగుణక్క ఏడాదిగా టౌన్లో ఇల్లు వెతుకుతోంది. ఎక్కడికెళ్ళినా అప్పుడే ఇచ్చేశామంటున్నారట. పాపం, నమ్మి వెనక్కి వచ్చేస్తోంది.

పొద్దున్నే వెళ్ళి ఈ తాళాలు ఆవిడ చేతిలో పెడతాను.