పసుపు రంగు రబ్బరు గ్లవ్స్

1981 నవంబర్ 8, ఆదివారం. ట్రాయ్.

ఆఫీసులో నా పక్క డెస్కు ఫ్రాంక్ పడవలో ఈ ఏడాదికి ఇదే ఆఖరి షికారు. పొద్దున బయల్దేరుతుంటే సుశీల తను గిన్నెలు కడిగేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్స్ రెండు జతలు నా సంచిలో పెట్టబోయింది. "అతని ముందు నా పరువు తియ్యకు," అని విసుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

సరస్సు మధ్యకి వెళ్ళాక ఎదురుగాలి మొదలైంది. తెడ్డు ఎత్తినప్పుడల్లా నీళ్ళు కర్ర వెంట జారి నా ఉన్ని గ్లవ్స్‌లోకి దిగాయి. కాసేపటికి వేళ్ళు కొయ్యబారి తెడ్డు జారిపోయింది. ఫ్రాంక్ ఒడిసి పట్టాడు కాబట్టి సరిపోయింది. తువ్వాలు కోసం సంచిలో వెతికితే పులిహోర డబ్బా కింద ఆ గ్లవ్స్! వద్దన్నా పెట్టింది. ఉన్నివి పిండి, వాటి మీదే ఇవి తొడుక్కున్నాను. మెల్లగా వేళ్ళకి ప్రాణం వచ్చింది. ఫ్రాంక్ నవ్వుతాడనుకున్నాను. "ఇంకో జత ఉందా?" అని చెయ్యి చాపాడు.

ఇంటికొచ్చి రెండో జత ఎందుకు పెట్టావని అడిగితే, "ఆయనవి మాత్రం చేతులు కావాండీ?" అంది.

భోజనాలయ్యాక తను వట్టి చేతులతో గిన్నెలు కడుగుతోంది. గ్లవ్స్ ఇంకా ఆరలేదు. చలికి పగిలిన వేళ్ళు సబ్బు తగిలి ఎర్రబడ్డాయి. నాలుగేళ్ళుగా ఆ గ్లవ్స్ చూసి "దొరసానమ్మా" అని ఏడిపించడమే కానీ, ఎందుకు వేసుకుంటుందో ఒక్కసారీ అడగలేదు.

స్పాంజి లాక్కుని మిగిలినవి నేనే కడిగాను.

"ఇదేంటండీ కొత్తగా?"

"నా చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయిలే," అన్నాను.