పిట్ట ముట్టని కూడు

చొప్పదండి, సోమవారం

తమ్ముడు అంతయ్యకు అక్క దీవెనలు.

బొంబాయి ఓడల రేవుల నా కొడుకు ఓదెలు బస్తాలు మోస్తుంటే చూసిన అని రాసినవు. పిలిస్తే మొఖం తిప్పుకొని మందిల కలిసిపోయిండంటివి. ఆ కార్డు వచ్చినకాంచి నాకు ముద్ద దిగుతలేదు.

రజాకార్ల గడబిడల పోయినోడు పన్నెండేండ్లయినా రాకపోతే, కులపెద్దల మాట విని పిండిబొమ్మకు అగ్గిపెట్టి దినాలు చేసినం. నువ్వప్పుడు రాలేకపోతివి. పిట్టకు పెట్టిననాడు పొద్దుగూకేదాక చూసినా ఒక్క కాకి వాలలేదు. "వదినా, ఆవుకు పెడదాం. ఎవలకు చెప్పకు" అన్నడు మరిది హనుమండ్లు. ఆవుకే పెట్టి, ఎవలకు చెప్పలే. అప్పటిసంది అన్నం వడ్డిస్తుంటే వాకిట్ల వాడు ఆకలితోటి నిలబడ్డట్టే ఉంటది. కోడలు లింగవ్వకు మారుమనువు చేసినం, ఆ మొగనితోని ఇద్దరు పిల్లలు. వీడు బతికున్నడని బయటపడితే ఆమె కాపురం ఆగమైతది. అందుకే ఈ ఉత్తరం ఇంకొకరితోని రాయించలే. వంకర అక్షరాలు నావే.

వచ్చే వారం బేస్తవారం పెద్దపల్లిల రైలెక్కుత. అంత పెద్ద ఊళ్లె తప్పిపోతనేమోనని పరేషాన్ అయితున్న. టేషన్ల నువ్వే నిలబడు, నన్ను సీద రేవుకు తోలుకపో. వాడికి ముందుగాల చెప్పకు, జాగ మారుస్తడు.

దినాలు చేసినంక మనిషి తిరిగి దొరికితే పాత పేరుతోని పిలువద్దట, కొత్త పేరు పెట్టాల్నట. గుడి అయ్యగారిని వేరేవాళ్ల ముచ్చటన్నట్టు అడిగి తెలుసుకున్న. ఎంత ఆలోచించినా నాకు ఏ పేరూ తోస్తలేదు తమ్మీ. అక్కడి హమాలీలు వాడిని ఏమని పిలుస్తున్నరో కనుక్కొని ఉంచు. నేనూ అట్లనే పిలుస్త.

నీ అక్క