ఉత్తరం అడుగున చేప

చి.సౌ. నాగదుర్గకు అమ్మ దీవించి రాయునది.

నీ గొంతు నొప్పి తగ్గిందా? క్లాసులో అరవకు. అల్లుడుగారు బీపీ మాత్ర వేళకి వేసుకుంటున్నారా? మనవడు దుర్గాసాయి కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయా? ఆ ఫోను కాస్త దాచిపెట్టు. ఇక్కడ మీ నాన్న మోకాళ్లు తప్ప అంతా కులాసా.

నీ ఉత్తరం, దాంతోపాటు మీ పదో తరగతి పిల్లల ఉత్తరాల కట్టా అందాయి. పరీక్ష కోసం లేని స్నేహితుడికి రాయడం కాకుండా, నిజంగా ఉన్న మనిషికి రాసి జవాబు తెచ్చుకోవాలని నాకు రాయించావు. తీరా చూస్తే అందరూ గైడులో ఉన్న విహారయాత్రే ఎక్కించారని, "ఈ మాత్రానికి స్టాంపులు దండగండి మేడమ్" అని సురేష్‌బాబు మాస్టారు అన్నారని రాశావు. "ఇక మానేసి గైడే చెప్పుకోనా అమ్మా?" అని అడిగావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీ ఉద్యోగానికేమైనా వస్తుందేమోనని ఒక దిగులు. కోడిగీతల్లాంటి నా రాత చూసి పిల్లలు నవ్వుతారేమోనని ఇంకో దిగులు.

మీ నాన్న ఒడిశాలో పారాదీప్ దాకా చేపల బోట్ల మీదకి వెళ్లే రోజులు గుర్తొచ్చాయి. నువ్వప్పుడు చంటిపిల్లవి. బోటులో రాయడం వచ్చినవాడు చిట్టియ్య ఒక్కడే. అందరి ఇళ్లకీ అతనే రాసేవాడు, ఒకటే ఉత్తరం. ఇక్కడ పోస్టుమేన్ జీవరాజు మన అరుగు మీద కూర్చుని చదివిపెట్టేవాడు. ఒకటి వింటే వీధిలో అందరివీ విన్నట్టే. "చిట్టియ్య ఒక్కడే మనందరికీ మొగుడేంటే" అని పక్కింటి అచ్చాయమ్మ నవ్వించేది. అయినా ఎవరి ఉత్తరం వాళ్లు కొంగున కట్టుకుపోయేవాళ్లం. మీ నాన్న అడుగున ఒక చేప గీసేవారు. పైనున్నదంతా అందరిదీ, ఆ చేప నాది.

నీ పిల్లల ఉత్తరాల అడుగున ఏముందో చూశావా? దుర్గాశ్రీ అనే పిల్ల విహారయాత్రంతా ఎక్కించి, చివర పెన్సిలుతో సన్నగా రాసింది. "మామ్మగారూ, మీరు అన్నిటికీ భయపడతారని మా టీచర్ చెప్పారు. మా నాన్న లారీ మీద వెళ్తే నాకూ భయమేస్తుందండి. అప్పుడు మీరేం చేసేవారు?"

అమ్మాయ్, నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. రేషన్ షాపులో సంతకం కోసం అక్షరాలు నేర్చుకున్నానని అందరితో అన్నాను. కాదు. మా జవాబులు కూడా జీవరాజే రాసేవాడు, వీధిలో అందరూ వింటుండగా. "భయంగా ఉంది, వచ్చెయ్యండి" అని అతని చేత ఎలా రాయించను? అందుకే మన ఊరి బడిలో మెర్సీ టీచరు గారి దగ్గర పలక పట్టాను. జీవరాజు రాసిన క్షేమ సమాచారం కింద ఆ ముక్క నా చేత్తో రాశాను. తీరా అక్కడ చదివేది చిట్టియ్యేనన్న సంగతి నాకు తట్టనే లేదు. బోటంతా విన్నారట. ఎవరూ నవ్వలేదని మీ నాన్న ఇంటికొచ్చాక చెప్పారు. మళ్లీ అంత దూరం వెళ్లలేదు.

అందుకని మానకు. గైడు మూయించి, అడుగున ఎవరి ముక్క వాళ్లని రాయమను. దుర్గాశ్రీకి విడిగా రాసి ఇందులోనే పెట్టాను. నువ్వు చదవకుండా ఇవ్వు. మిగతావాళ్లకి జవాబు నేనే వచ్చి చెప్తాను. నర్సాపురంలో రైలెక్కి, నిడదవోలులో దిగి బస్సు పట్టుకుంటాం. బస్సు తప్పితే ఎలాగోనని ఇప్పట్నుంచే దడగా ఉంది. మీ నాన్న వెంట ఉంటారులే. వచ్చే నెల పదో తారీఖు, మంగళవారం. బడి ఉండే రోజే చూసుకున్నాం.

ఇట్లు,
బయల్దేరేదాకా దిగులుపడుతూనే ఉండే
మీ అమ్మ