నీ గిటార్ కోసం వచ్చిన నాలుగో మనిషి

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ గిటార్ కోసం నిన్న నాలుగో మనిషి వచ్చాడు. ఇంతకుముందు వచ్చిన ముగ్గురూ "అన్న నాకే ఇస్తనన్నడు" అంటూ వచ్చి, గిటార్ ఇవ్వనంటే నీ ఆంప్లిఫయర్, స్పీకర్లు, చివరికి మైకు స్టాండు కూడా పట్టుకుపోయారు. అందుకే ఈయన్ని మన శాలిబండ ఇంటి గడప దగ్గరే నిలబెట్టాను. చాయ్ తాగుతావా అని కూడా అడగలేదు.

జల్‌పల్లి నుంచి వచ్చాడట. "అన్న దగ్గర ఆరేండ్లు నేర్చుకున్న అక్కా. ఒక్కపారి గిటార్ చూస్త, గంతే," అన్నాడు.

"అందరు గంతే అంటరు. మా అన్న ఏ రాక్ బ్యాండ్‌ల ఆర్నెల్లు నిలవలే. తాగితే స్టేజి మీదనే లొల్లి పెట్టుకునేటోడు. నీతోని ఆరేండ్లు ఎట్ల ఏగిండు?"

"నన్ను గూడ నాలుగుసార్లు వెళ్లగొట్టిండు."

అయినా నమ్మలేదు. గిటార్ తెచ్చిచ్చి, తలుపుకు అడ్డంగా నిలబడి వాయించమన్నాను.

పాట వినలేదు, ఎడమ చెయ్యి చూశాను. అయిదు వేళ్లూ ఉన్నాయి. కానీ చిటికెన వేలు అరచేతిలోకి మడిచిపెట్టి, బొటనవేలు వెనక ఆనించి, మిగతా మూడు వేళ్లతోనే తీగలు నొక్కుతున్నాడు. మన బర్రెల కొట్టంలో గడ్డి కోసే మిషన్‌లో నీ చిటికెన వేలు పోయాక, నువ్వు వాయించినట్టే.

"ఆ వేలు ఎందుకు మడుస్తవ్?"

"అన్న చెయ్యి చూసే నేర్చుకున్న గదా అక్కా. గా వేలు తెరిస్తే నాకు వాయించరాదు."

చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను. తలుపు తెరిచే ఉంచాను, వంటింట్లోకి వినబడాలి కదా.