మంగళవారం బోర్డు

2019 ఫిబ్రవరి 5, మంగళవారం

ఉదయం ఏడున్నరకి బోర్డు పెట్టాను. సాయంత్రం ఐదింటికి తీశాను. రేపు మర్చిపోయి పెడితే ఒక తప్పు. వచ్చే మంగళవారం మర్చిపోయి పెట్టకపోతే ఇంకో తప్పు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ కౌంటీ భవనం ఊడుస్తున్నాను, తుడుస్తున్నాను, హీటర్లు బాగుచేస్తున్నాను. ఎన్నడూ లేనిది ఈ వయసులో నాకీ బోర్డు శనిలా పట్టింది.

బండ్ల రిజిస్ట్రేషన్, ఇంటిపన్ను కిటికీ, కమిషనర్ల హాలు, చివర్లో చిన్న కోర్టు, అన్నీ ఒకే కప్పు కింద. కోర్టు నడిచేది మంగళవారం మాత్రమే. కోర్టు ఉన్న రోజు లోపలికి తుపాకీ తేకూడదు, ఆ బోర్డు చెప్పేది అదే. లేని రోజు లైసెన్సున్నవాడు చొక్కా కింద పిస్తోలు పెట్టుకుని దర్జాగా రావచ్చు. అతన్ని బోర్డు పెట్టి ఆపితే నేరం కౌంటీది. సోదా చేసే యంత్రం కొనే స్తోమత టెక్సస్‌లో ఈ మూల కౌంటీకెక్కడిది? అందుకని యంత్రం బదులు నేనున్నాను, స్క్రూడ్రైవరుతో.

పెంబర్టన్ ఇవాళ కూడా వచ్చాడు. రిటైరైన సర్వేయరు. స్కేలు పెట్టి అక్షరాలు కొలుస్తాడు. అంగుళం ఎత్తుండాలట, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. పాత బోర్డులో ముప్పాతిక అంగుళమే ఉందని రాష్ట్రానికి ఫిర్యాదు రాసింది ఈయనే. నీమీద నాకేం కోపం లేదయ్యా డెల్బర్టూ, చట్టం చట్టమే కదా అన్నాడు. నాకే ఇంట్లో ఐదు తుపాకులున్నాయి. తుపాకుల చట్టం నాకు చెప్పొచ్చాడు పెద్దమనిషి.

ఫిబ్రవరి 6

ఆర్లిస్ వచ్చాడు. మా ఆవిడ వెల్డా తమ్ముడు. జడ్జమ్మ గది ఎదురుగా బెంచీ మీద కూచున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ తలుపు వంకే చూశాడు.

పోయిన నెల జడ్జమ్మ కాంట్రెరాస్ వాణ్ని ఇల్లు ఖాళీ చెయ్యమంది. పదకొండేళ్లు అద్దెకున్న ఇల్లు. ఓనరు అమ్ముకున్నాడు. ఐదు రోజుల గడువిచ్చింది. చట్టంలో ఉన్నదే ఇచ్చింది, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వాడిప్పుడు దాణా కొట్టు వెనక తన ట్రక్కులో పడుకుంటున్నాడు.

జడ్జమ్మ నన్ను లోపలికి పిలిచి, అతని నడుం దగ్గర ఎత్తుగా ఉంది, చూశారా అంది. చూడకేం. అది మా మామగారి రివాల్వర్. ఆయన పోయాక వీడికొచ్చింది.

కానిస్టేబుల్ డాబ్స్‌కి చెప్పాను. ఇవాళ కోర్టు లేదు, బోర్డు లేదు, వాడికి లైసెన్సుంది, బెంచీ మీద కూచోడం నేరం కాదు, నన్నేం చెయ్యమంటావ్ అన్నాడు. నిజమే. డాబ్స్ అన్నది అక్షరాలా నిజం. అదే నా మంట.

ఫిబ్రవరి 7

మళ్లీ వచ్చాడు. తొమ్మిదింటి నుంచి నాలుగున్నర దాకా.

ఫిబ్రవరి 8

జడ్జమ్మ బతిమాలితే కోర్టు లేకపోయినా బోర్డు పెట్టాను. పదకొండు కాలేదు, పెంబర్టన్ ఊడిపడ్డాడు. ఫొటో తీశాడు. మధ్యాహ్నానికల్లా ఫిర్యాదు కాగితం చేతికిచ్చాడు. మూడు పనిదినాల్లో తియ్యకపోతే రోజుకింత జరిమానా. కమిషనర్ ఫోన్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నీకు బుద్ధుందా, ఎవరు పెట్టమన్నారు అంటాడు. జడ్జమ్మ పేరు చెప్పలేదు. తీసేశాను.

ఫిబ్రవరి 12, మంగళవారం

బోర్డు పెట్టాను, తీశాను. ఆర్లిస్ రాలేదు. మంగళవారాలు రాడు. అంత లెక్కగా ఉన్నాడు వెధవ.

ఫిబ్రవరి 13

కౌంటీ వకీలు బుర్రకి ఒక ఉపాయం తట్టింది. జడ్జమ్మ గది ఎప్పుడైనా కోర్టే, హాలు మాత్రం కోర్టు కాదు. కాబట్టి గీత గియ్యాలట! మోకాళ్ల మీద కూచుని నేల మీద పసుపు టేపు అంటించాను. గీత వంకర పోతుందేమోనని పెంబర్టన్ తన కొలత టేపు తెచ్చి సాయం పట్టాడు. ఎంత సంతోషమో ఆయన మొహంలో, మనవడికి పెళ్లి చేస్తున్నట్టు.

టేపు ఇంకా సరిగ్గా అంటుకోలేదు, ఆర్లిస్ వచ్చి కూచున్నాడు. బూట్లు టేపుకి ఇవతల, వేలెడు దూరంలో పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒరేయ్, ఆ ఆడమనిషి భయంతో చస్తోంది, సిగ్గులేదట్రా నీకు అన్నాను. నేను గీతకి ఇవతలే ఉన్నాను కదా బావా అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఇంటికి రారా, వెనకగది ఖాళీగానే ఉందిగా అన్నాను. అక్క లేని ఇంట్లో నాకేం పని అన్నాడు.

వెల్డా పోయి నాలుగేళ్లు. తనుంటే రెక్క పట్టుకుని లాక్కొచ్చేది. నేను ఒక్కసారి అడిగి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 15

జడ్జమ్మ భోజనం కూడా తలుపు గడియ పెట్టుకునే చేస్తోంది. సాయంత్రం కారు దాకా తోడు రమ్మంది. చెయ్యి నా మోచేతి మీద వేసింది, కారు ఎక్కేదాకా తియ్యలేదు. మా ఆయన ఉద్యోగం మానెయ్యమంటున్నాడు, మీరేమంటారు అని అడిగింది. ఆర్లిస్ నా మనిషి కదా. తల కొట్టేసినట్టయింది.

ఫిబ్రవరి 19, మంగళవారం, మధ్యాహ్నం 1:00

ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పది నలభైకి మగాళ్ల టాయిలెట్ తుడవడానికి వెళ్లాను. రోజూ అదే టైము. కాగితం చుట్ట ఉండే డబ్బా మీద రివాల్వర్.

ఇలా దొరకడం కొత్త కాదు. ప్యాంటు దింపేముందు తీసి డబ్బా మీద పెడతారు, లేచి మర్చిపోయి వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో నాకు మూడు దొరికాయి. ఒకటి చర్చి పాస్టరుది. డాబ్స్‌కిస్తే వాడు ఫోన్ చేసేవాడు, ఆసామి చెవులెర్రగా వచ్చి పట్టుకుపోయేవాడు, నెల్లాళ్లు ఊరంతా నవ్వుకునేది.

కానీ ఇవాళ మంగళవారం. బోర్డు ఉంది. పిడి మీద ముత్యపుచిప్ప పెచ్చు లేచిపోయి ఉంది. మా మామగారిది.

డాబ్స్‌కి చెబితే ఆర్లిస్ జైలుకే. సంవత్సరాల లెక్కన. చెప్పకుండా నేను పట్టుకెళితే నేనూ అదే నేరం చేసినట్టు. ఆ చట్టం మొత్తం నాకు నోటికొచ్చు, కౌంటీ వాళ్లు ఎన్నిసార్లు చదివించారు! అయినా గుడ్డలో చుట్టి బకెట్లో పెట్టాను, పైన తడి గుడ్డలు వేశాను. కోర్టు ముందు నుంచే నడవాలి, ఇంకో దారి లేదు. డాబ్స్ నన్ను చూసి, ఏంటి ముసలాయనా, బకెట్ బరువైందా, రిటైరవ్వరాదూ అన్నాడు. నవ్వాను. ఎలా నవ్వానో నాకే తెలీదు. తలుపు దగ్గర నేను బిగించిన బోర్డు, అంగుళం అక్షరాలు, రెండు భాషల్లో. దాని పక్కనించే బయటికొచ్చాను.

ట్రక్కులో పెట్టి తాళం వేశాను. గుళ్లు ఆరుకి ఆరూ ఉన్నాయి.

అదే రోజు, సాయంత్రం 6:30

దాణా కొట్టు వెనక్కి వెళ్లాను. వాడు ట్రక్కులో కూచుని ఉన్నాడు. ఒళ్లు తెలీని కోపంతో అరిచాను. మతి ఉందట్రా, మంగళవారం పూట తెచ్చిందే కాక టాయిలెట్లో మర్చిపోతావా అన్నాను.

మర్చిపోలేదు బావా అన్నాడు.

నలభై నిమిషాలు లోపల కూచున్నాడట. బయట జడ్జమ్మ ఎవరి పేరో పిలుస్తుంటే వినబడిందట. ఎవరో చంటిపిల్ల ఏడుస్తోందట. లేద్దామంటే కాళ్లు రాలేదట. పది నలభైకి నువ్వొస్తావని తెలుసు, నువ్వు తప్ప ఎవరూ రారు, అందుకే అక్కడ పెట్టేసి వచ్చేశాను అన్నాడు.

ఎవరి కోసం తెచ్చావురా అన్నాను. ముందు ఆవిడకి, తర్వాత నాకు అన్నాడు. కళ్లలోకి చూసే చెప్పాడు.

రెండు వారాలుగా నేను చేసిందేమిటి? బోర్డు పెట్టాను, తీశాను, టేపు వంకర పోకుండా చూశాను. అది ఎందుకు మోస్తున్నావురా అని ఒక్కసారి అడిగానా? లేదు. దాన్ని ఎక్కడ మోయొచ్చో, ఎక్కడ కూడదో, అందరం కలిసి అదే చూశాం.

వాణ్ని ఇంటికి తీసుకొచ్చాను. ఈసారి అడగలేదు, రెక్క పట్టుకుని తెచ్చాను. సూప్ సగం తాగి పడుకున్నాడు. ఇంట్లో ఉన్న ఐదు తుపాకులూ, ఆ రివాల్వరూ బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి నా జేబులో వేసుకున్నాను.

ఫిబ్రవరి 20

బెంచీ ఖాళీ. పెంబర్టన్ వచ్చి, బెంచీ మీదాయన రావట్లేదు కాబట్టి ఆ టేపు తీసెయ్యాలి కదా, లేకపోతే అనవసర ఆటంకం కిందికొస్తుందేమో అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లలో మొదటిసారి ఆ హాల్లో అరిచాను. ఏమన్నానో రాయను. వెల్డా ఉంటే నోరు కడుక్కోమనేది.

ఫిబ్రవరి 21

జడ్జమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ప్రాణం కదా, తెలియాలి. తలుపు మూసి అంతా చెప్పాను. బకెట్ సంగతి కూడా.

ఇదంతా విన్న జడ్జిని కాబట్టి మీ ఇద్దర్నీ లోపల వెయ్యాలి, తెలుసా అంది. తెలుసన్నాను. బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, డాక్టరుకి చూపించారా అంది. సోమవారానికి టైమిచ్చారని చెప్పాను. ఆ తుపాకీ ఎక్కడుందో నాకు చెప్పొద్దు, అతనికి మాత్రం ఇవ్వొద్దు, ఇది జడ్జిగా చెప్పడం లేదు అంది.

ఫిబ్రవరి 25

డాక్టరు మందులు రాసిచ్చాడు. ఇల్లు చేరాక ఆర్లిస్, అక్క వంటగదికి రంగు మార్చావా బావా అన్నాడు. లేదురా, మాసిపోయింది అన్నాను.

ఫిబ్రవరి 27, బుధవారం

పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నా ముందు నిలబడ్డాడు. మా నాన్న రివాల్వర్ నాకిచ్చెయ్ అన్నాడు. లైసెన్సు బల్ల మీద పెట్టాడు. ఇవాళ కోర్టు లేదు, బోర్డు లేదు. వస్తువు వాడిది. చట్టప్రకారం కాదనే హక్కు నాకు ఏ మూలా లేదు.

ఇవ్వనన్నాను.

దొంగవి బావా నువ్వు అన్నాడు.

అవునన్నాను.